సహజ స్టీల్‌హెడ్ చేపలు కోలుకోవాలంటే హేచరీ పెంపకం ఎలా మారాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా పసిఫిక్ తీరపు నదుల్లో సహజంగా పుట్టి పెరిగే స్టీల్‌హెడ్ చేప ఇప్పుడు అనేక చోట్ల చట్టపరమైన రక్షణలో ఉంది. ఆ చేపను నిలబెట్టడానికే నడుపుతున్నామని చెప్పే హేచరీలు, అంటే గుడ్లు పొదిగించి పిల్లలను పెంచి నదిలోకి వదిలే కేంద్రాలు, దానికి నిజంగా మేలు చేస్తున్నాయా, చేయాలంటే వాటి లోపల ఏ పనులు మారాలి అన్నది ఇక్కడి చర్చ. ఆక్వా రంగంలో ఉన్న మనవారికీ, వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల్లో స్థిరపడి సెలవు రోజున గాలంతో నది ఒడ్డుకు వెళ్ళే తెలుగువారికీ వచ్చే సందేహాలను దృష్టిలో ఉంచుకుని ఈ సమాధానాలు రాయడమైనది.

స్టీల్‌హెడ్ అంటే ఏ చేప? అది రెయిన్‌బో ట్రౌట్‌కు ఏమవుతుంది?

రెండూ ఒకే జాతి. శాస్త్రీయ నామం ఆంకోరింకస్ మైకిస్. ఏటిలో పుట్టి ఏటిలోనే బతుకు వెళ్ళదీసేదాన్ని రెయిన్‌బో ట్రౌట్ అంటారు. ఏటిలో పుట్టి, సముద్రానికి పోయి, అక్కడ పెరిగి, గుడ్లు పెట్టే వేళకు పుట్టిన ఏటికే తిరిగివచ్చేదాన్ని స్టీల్‌హెడ్ అంటారు. ఒకే తల్లి పిల్లల్లో కొన్ని సముద్రానికి పోవచ్చు, కొన్ని ఏటిలోనే ఉండిపోవచ్చు. నీలగిరుల్లో అవలాంచి దగ్గర బ్రిటిష్ వారు గత శతాబ్దం తొలినాళ్ళలో హేచరీ పెట్టి పెంచిన ట్రౌట్ కూడా ఈ జాతిదే కాబట్టి, మన దక్షిణాదికి ఇది పూర్తిగా కొత్త చేప కాదు.

పసిఫిక్ సాల్మన్ జాతులు సాధారణంగా శరదృతువులో ఒక్కసారి గుడ్లు పెట్టి చనిపోతాయి. స్టీల్‌హెడ్ వసంతంలో గుడ్లు పెడుతుంది; పెట్టిన తరువాత కొన్ని బతికి సముద్రానికి వెళ్ళి మళ్ళీ వస్తాయి. గుడ్లు వసంతంలో పడతాయన్న ఈ చిన్న విషయం మీదే హేచరీ పెంపకంలోని పెద్ద చిక్కు ఒకటి ఆధారపడి ఉంది. దాన్ని కింద వివరంగా చూద్దాం.

ఈ చేప ఎందుకు తగ్గిపోయింది?

ఒక్క కారణం కాదు. కొలంబియా నది మీద 1938లో బోనవిల్ ఆనకట్ట పూర్తయింది. 1942లో పూర్తయిన గ్రాండ్ కూలీ ఆనకట్టతో దాని ఎగువన ఉన్న నది మొత్తం సముద్రం నుంచి వచ్చే చేపలకు మూసుకుపోయింది. అడవుల నరికివేత వల్ల ఏరుల్లో ఒండ్రు మేట వేసింది, నీడ పోయి నీరు వేడెక్కింది, సాగునీటి కోసం వాగులు ఎండిపోయాయి, వేట మితిమీరింది. 1997లో ఎగువ కొలంబియా స్టీల్‌హెడ్‌ను అంతరించే ప్రమాదంలో ఉన్నదిగానూ, స్నేక్ నది స్టీల్‌హెడ్‌ను ముప్పులో ఉన్నదిగానూ అమెరికా ప్రభుత్వం జాబితాకు ఎక్కించింది. 2007లో వాషింగ్టన్ తీరపు సముద్రపాయ ప్యూజెట్ సౌండ్‌లో కలిసే నదుల స్టీల్‌హెడ్ కూడా ముప్పు జాబితాలో చేరింది. స్టీల్‌హెడ్ వాషింగ్టన్ రాష్ట్ర అధికారిక చేప అన్న సంగతి ఇక్కడ గుర్తుచేయాలి.

హేచరీలు దశాబ్దాలుగా లక్షల పిల్లలను వదులుతున్నాయి కదా, మరి సహజ చేప ఎందుకు పెరగలేదు?

హేచరీలను ఆనాడు సహజ చేపను పెంచడానికి కట్టలేదు. ఆనకట్టల వల్ల పోయిన వేటను భర్తీ చేయడానికి కట్టారు. గాలం వేసేవారికి చేప దొరికితే హేచరీ తన పని చేసినట్టే. ఆ లెక్కలో కొన్ని హేచరీలు బాగానే పనిచేశాయి. ఆ చేపలు నదిలోకి వచ్చి సహజ చేపలతో జతకట్టినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న చాలా ఏళ్ళపాటు గట్టిగా ఎవరూ అడగలేదు.

అడిగినప్పుడు వచ్చిన జవాబులు కలవరపెట్టేవి. ఒరెగాన్‌లోని హుడ్ నదిలో పవర్‌డేల్ ఆనకట్ట ఉన్న కాలంలో ఎగువకు వెళ్ళే ప్రతి స్టీల్‌హెడ్‌ను ఆపి, కణజాలం నమూనా తీసి, డీఎన్ఏ ఆధారంగా ఏ పిల్ల ఏ తల్లిదండ్రులదో గుర్తించే వీలుండేది. ఆ నమూనాలతో అరాకి, కూపర్, బ్లౌయిన్ 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, హేచరీలో గడిపిన ఒక్కొక్క తరానికి, నదిలో సంతానాన్ని నిలబెట్టుకునే శక్తి దాదాపు 40 శాతం చొప్పున పడిపోతోంది. అంటే తాత, తండ్రి ఇద్దరూ హేచరీలో పుట్టి ఉంటే ఆ నష్టం ఒకదాని మీద ఒకటి పేరుకుపోతుంది. అదే నది మీద 2012లో వచ్చిన మరో పరిశోధన ఇంకా సూటిగా చెప్పింది: హేచరీలో బాగా రాణించిన తల్లి చేపల పిల్లలే నదిలో అందరికంటే వెనకబడ్డాయి. 2016లో, సహజ చేపల సంతతికీ మొదటి తరం హేచరీ చేపల సంతతికీ మధ్య 700కు పైగా జన్యువులు వేర్వేరు స్థాయుల్లో పనిచేస్తున్నట్టు తేలింది. వాటిలో గాయాలు మానడానికీ, రోగనిరోధకతకూ, జీవక్రియకూ సంబంధించినవి ఎక్కువగా ఉన్నాయి. కిక్కిరిసిన తొట్టెలో ఒకదాన్నొకటి కొరుక్కుంటూ బతికే చేపకు ఏ గుణాలు అక్కరకు వస్తాయో ఆలోచిస్తే, ఇందులో ఆశ్చర్యం లేదు.

పాత పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ వాషింగ్టన్‌లోని ఛాంబర్స్ క్రీక్ సంతతి. 1940ల నుంచి దీన్ని త్వరగా గుడ్లు పెట్టేలా, ఒక్క ఏడాదిలో సముద్రానికి పోయే పరిమాణానికి ఎదిగేలా ఎంపిక చేస్తూ వచ్చి, దానినే అనేక నదుల్లో వదిలారు. 2014లో న్యాయస్థానం దాకా వెళ్ళిన వివాదం ఒప్పందంతో ముగిసి, ప్యూజెట్ సౌండ్ నదుల్లో చాలావాటిలో ఆ విడుదలలు ఆగాయి.

మన దగ్గరి చేపల, రొయ్యల హేచరీలకూ దీనికీ తేడా ఏమిటి?

తేడా లక్ష్యంలో ఉంది. కైకలూరు చెరువుకు వెళ్ళే బొచ్చె, శీలావతి పిల్ల చెరువులోనే పెరిగి చెరువులోనే పట్టుబడుతుంది. అది త్వరగా పెరగడం, మేతకు ఎగబడటం, మనిషి అలికిడికి బెదరకపోవడం రైతుకు లాభం. నదిని నిలబెట్టడానికి పెంచే స్టీల్‌హెడ్ పిల్లకు ఇవే గుణాలు చేటు. నీటి మీద నీడ కదిలితే మేత వచ్చిందని పైకి వచ్చే పిల్లను నదిలో కొంగ ఎత్తుకుపోతుంది. అందువల్ల ఆక్వా రంగంలో అనుభవం ఉన్నవారు ఈ విషయాన్ని చదివేటప్పుడు తమకు అలవాటైన కొలతలను కొంతసేపు పక్కన పెట్టవలసి ఉంటుంది. బతుకుదల శాతం ఎక్కువగా ఉండటం కూడా ఇక్కడ నిండు శుభవార్త కాదు. నదిలో చనిపోయి ఉండవలసిన పిల్లలు తొట్టెలో బతికి, తమ బలహీనతలను ముందు తరానికి అందిస్తాయి.

తల్లి చేపలను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

ఆ నదివే కావాలి, ఏటా కొత్తగా నదిలో పుట్టినవి కలుస్తూ ఉండాలి. దూరపు నది నుంచి తెచ్చిన గుడ్లతో కార్యక్రమం నడపడం సులువే కానీ, ఆ నది ఉష్ణోగ్రతకూ, వరదలకూ, దూరానికీ తగినట్టు వేల ఏళ్ళుగా కుదురుకున్న గుణాలను అది చెరిపేస్తుంది.

2000 సంవత్సరంలో అమెరికా కాంగ్రెస్ చొరవతో ఏర్పడిన హేచరీ శాస్త్రీయ సమీక్షా బృందం ఇందుకు ఒక కొలమానాన్ని ప్రచారంలోకి తెచ్చింది. హేచరీ తల్లి చేపల్లో నదిలో పుట్టినవి ఎంత శాతం, నదిలో గుడ్లు పెట్టే చేపల్లో హేచరీవి ఎంత శాతం అన్న రెండు లెక్కలను కలిపి చూస్తారు. మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే సంఖ్య 0.5 దాటితే, ఆ చేపల గుణాలను తొట్టె కంటే నదే ఎక్కువగా తీర్చిదిద్దుతోందని అర్థం. ముఖ్యమైన నదులకు ఆ సంఖ్య కనీసం 0.67 ఉండాలనీ, గుడ్లు పెట్టే చేపల్లో హేచరీవి 30 శాతానికి లోపు ఉండాలనీ ఆ బృందం సూచించింది. సహజ చేపతో కలపకుండా వేట కోసమే వేరుగా పెంచే సంతతి అయితే 5 శాతం దాటరాదని చెప్పింది.

ఇక్కడ ఒక ఇబ్బంది తప్పదు. నదిలో చేపలు మరీ తక్కువగా ఉన్న ఏడాది, వాటిలోంచి హేచరీకి తీసుకోవడమంటే నదికి గండికొట్టి చెరువు నింపడమే. అటువంటి ఏడాది విడుదల లక్ష్యాన్ని తగ్గించుకోవాలే తప్ప తల్లి చేపల నియమాన్ని సడలించకూడదు. ఆచరణలో ఒత్తిడి దీనికి విరుద్ధంగా ఉంటుంది. లక్ష్యం అంకెల్లో కనిపిస్తుంది, సడలింపు కనిపించదు.

గుడ్లు తీసేటప్పుడు తల్లి చేపను చంపవలసిందేనా?

అవసరం లేదు. సాల్మన్ ఎలాగూ చనిపోతుంది కనుక దాని పొట్ట కోసి గుడ్లు తీయడం అలవాటైంది. ఆ అలవాటే స్టీల్‌హెడ్‌కూ పాకింది. ఇప్పుడు కొన్ని హేచరీల్లో గాలి పద్ధతి వాడుతున్నారు. మత్తు ఇచ్చిన ఆడ చేపను తల పైకి, తోక కిందికి ఉండేలా ఒకరు పట్టుకుంటారు, మరొకరు పొట్ట పక్కన సన్నని సూది గుచ్చి తక్కువ ఒత్తిడితో గాలి పంపుతారు. శనగ గింజంత నారింజ రంగు గుడ్లు ధారగా పళ్ళెంలోకి జారుతాయి. లోపల మిగిలిన గాలిని మెల్లగా నొక్కి తీసేసి చేపను మంచినీటి తొట్టెలో వదిలితే అది తేరుకుంటుంది. ఆ చేపను మేత పెట్టి కోలుకునేలా చేసి నదికి తిరిగి ఇవ్వవచ్చు.

ఫలదీకరణలోనూ శ్రద్ధ కావాలి. పలు మగ చేపల వీర్యాన్ని ఒకే బకెట్‌లో కలిపి గుడ్ల మీద పోస్తే, చురుకైన వీర్యం గల ఒకటి రెండు మగవే దాదాపు అన్నింటికీ తండ్రులవుతాయి. కనుక ఒక ఆడ చేప గుడ్లను భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక్కో మగ చేపను వాడటం, ముందు వచ్చిన చేపలతోనే కోటా నింపేయకుండా సీజన్ పొడవునా తీసుకోవడం, పెద్దవాటినే ఏరుకోకపోవడం కనీస జాగ్రత్తలు. దగ్గరి బంధువుల మధ్య సంకరం వల్ల సంతతి క్షీణించడం మన కార్ప్ హేచరీల్లోనూ చాలాకాలంగా చర్చలో ఉన్న సమస్యే.

పెద్ద చేపలను పట్టకుండా నదిలోని గుడ్లనే తెచ్చి పెంచవచ్చా?

వచ్చు. వాషింగ్టన్‌లో హుడ్ కెనాల్ అనే సముద్రపాయ ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా శాస్త్రవేత్తలు, లాంగ్ లివ్ ది కింగ్స్ అనే సంస్థ, స్థానిక ఆదివాసీ తెగలు, ప్రభుత్వ శాఖలు కలిసి చేసినది ఇదే. ఆడ స్టీల్‌హెడ్ తోకతో గులకరాళ్ళను తవ్వి గూడు చేసి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలో పిల్ల కళ్ళు నల్లని చుక్కల్లా కనిపించే దశ వచ్చేదాకా ఆగి, నీటి ఒత్తిడితో రాళ్ళను కదిలించి, పైకి తేలిన గుడ్లలో కొన్నింటిని మాత్రమే వలలో పట్టుకుంటారు. అంతకు ముందు దశలో గుడ్డు ఏ కుదుపునూ తట్టుకోలేదు. అలా అనేక గూళ్ళ నుంచి కొద్దికొద్దిగా తీసుకుంటే తల్లిదండ్రుల ఎంపిక చేపలదే అవుతుంది, మనిషి చేయి పడదు.

హామా హామా నదిలో 1990ల చివర మొదలైన ఈ ప్రయత్నంలో కొన్ని పిల్లలను రెండేళ్ళు పెంచి వదిలారు, కొన్నింటిని పెద్దవయ్యేదాకా పెంచి గుడ్లు పెట్టే వేళకు వదిలారు. నదిలో గూళ్ళ సంఖ్య పెరిగింది. ముఖ్యమైనది ఆ తరువాతది: విడుదలలు ఆపేసి ఒక తరం గడిచాక కూడా సహజ సంతానోత్పత్తి మునుపటికంటే ఎక్కువగా ఉన్నట్టు, జన్యు వైవిధ్యం కూడా పెరిగినట్టు 2018లో ప్రచురించారు. ఆపిన తరువాత చూసి చెప్పిన ఫలితాలు ఈ రంగంలో చాలా అరుదు. అందుకే దీనికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

పిల్లలను ఒక ఏడాది పెంచి వదలాలా, రెండేళ్ళా?

హేచరీ లోపల మార్చదగిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదేనని నా నమ్మకం, అందుకే దీన్ని కాస్త విడమరిచి చెబుతాను.

సముద్రానికి సిద్ధమైన పిల్లను స్మోల్ట్ అంటారు. అప్పటిదాకా పక్కల మీద ముదురు మచ్చలతో ఏటి అడుగు రంగులో కలిసిపోయిన పిల్ల వసంతంలో వెండిలా మెరవడం మొదలుపెడుతుంది, ఒళ్ళు సన్నబడుతుంది, రెక్కల అంచులు నల్లబడతాయి, మొప్పలు ఉప్పును బయటికి నెట్టే పని నేర్చుకుంటాయి. సహజ స్టీల్‌హెడ్‌కు ఈ మార్పు సాధారణంగా రెండేళ్ళ వయసులో, సుమారు 16 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున్నప్పుడు వస్తుంది. చలి ఎక్కువగా ఉండే ఎగువ కొలంబియా ఉపనదుల్లో మూడేళ్ళు, అంతకుమించి కూడా పడుతుంది.

హేచరీలు మాత్రం ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్క ఏడాదిలోనే ఆ పరిమాణానికి తెస్తాయి. వసంతంలో పెట్టిన గుడ్లు పొదిగి, వేసవి మొదట్లో మేత అందుకున్న పిల్ల, మరుసటి వసంతానికి, అంటే పది పదకొండు నెలల్లో స్మోల్ట్ కావాలి. సహజ తల్లి చేపలు ఏప్రిల్, మే నెలల్లో గుడ్లు పెట్టే చల్లని నదిలో ఇది దాదాపు అసాధ్యం. కాబట్టి హేచరీలు రెండు పనులు చేశాయి: జనవరి, ఫిబ్రవరిలోనే గుడ్లు పెట్టే తల్లి చేపలను ఏరుకున్నాయి, వెచ్చని నీటితో, జోరైన మేతతో పెంచాయి. మొదటి పనివల్ల నదికి సరిపడని వేళకు గుడ్లు పెట్టే సంతతి తయారైంది. అవి నదిలో పెట్టిన గుడ్లు శీతకాలపు వరదల్లో కొట్టుకుపోయే ప్రమాదం ఎక్కువ. రెండో పనివల్ల, వేగంగా పెరిగేవాటికే చోటు మిగిలింది. ఒక్క ఏడాది అన్న పెంపకపు గడువే, ఎవరూ ప్రత్యేకంగా కోరకపోయినా, ఏ చేప తల్లి కావాలో నిర్ణయిస్తోంది.

వాషింగ్టన్‌లో మెథావ్ నది ఒడ్డున ఉన్న వింత్రాప్ జాతీయ హేచరీలో ఈ రెండు పద్ధతులను పక్కపక్కన పెట్టి పరిశీలించారు. ఒక ఏడాది పిల్లల్లో పరిమాణాల తేడా ఎక్కువ. చివరి వరుసలోని చిన్నవి విడుదల రోజుకు స్మోల్ట్ దశకు రాక, నదిలోనే నిలిచిపోయి, సహజ పిల్లల మేతకూ చోటుకూ పోటీపడతాయి. రెండేళ్ళు నిదానంగా పెంచితే స్థానిక నదిలో ఆలస్యంగా గుడ్లు పెట్టే తల్లి చేపలనే వాడుకోవచ్చు, నెమ్మదిగా పెరిగే పిల్లకూ సమయం దొరుకుతుంది.

రెండేళ్ళ పద్ధతికీ ఖర్చులున్నాయి. రెండు ఈడుల పిల్లలు ఒకేసారి హేచరీలో ఉంటాయి కనుక తొట్టెలు, నీరు, పనివారు ఎక్కువ కావాలి, విడుదల సంఖ్య తగ్గుతుంది. మరొకటి, కొన్ని మగ పిల్లలు సముద్రం ముఖం చూడకుండానే తొట్టెలోనే వయసుకు వస్తాయి. వాటిని వదిలితే నదిలోనే ఉండి, చాటుగా గూళ్ళ దగ్గర వీర్యం వదులుతాయి. శరదృతువులో మేతను, కొవ్వు శాతాన్ని తగ్గించి, చలికాలపు చల్లని నీటిలోనే ఉంచి, వసంతంలో పెరుగుదలకు వీలు కల్పించడం ద్వారా దీన్ని అదుపు చేయడానికి ప్రయత్నిస్తారు. ఇవన్నీ తూచి చూసినా, తక్కువ పిల్లలను సరైన వయసులో వదలడమే మేలన్న వైపే నేను ఉంటాను.

తొట్టె లోపలి పరిస్థితులను ఎలా మెరుగుపరచాలి?

మామూలు సిమెంటు కాలువ తొట్టె దగ్గర నిలబడి చూస్తే ముందుగా కంటబడేది చేపల వెన్ను రెక్క. నదిలో పెరిగిన స్టీల్‌హెడ్ వెన్ను రెక్క విసనకర్రలా విచ్చుకుంటుంది. కిక్కిరిసిన తొట్టెలో అది కొరుకుడుకు అరిగి, అంచు తెల్లబారి, మొండి గుబ్బలా మిగులుతుంది. కొందరు గాలం వేసేవారు ఆ రెక్క చూసే ఇది హేచరీ చేప అని చెప్పేస్తారు. సాంద్రత తగ్గించడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. ఎందుకంటే కిక్కిరిసిన చోట నెగ్గే గుణాలే వంశంలోకి దిగుతాయని హుడ్ నది పరిశోధకులు అనుమానించారు.

తొట్టె అడుగున రాళ్ళు పరిస్తే ఏమవుతుందో పరిశోధకులు కిహ్ల్‌స్లింగర్, నెవిట్ 2006లో చూపించారు. రాళ్ళ మధ్య పెరిగిన స్టీల్‌హెడ్ పసిపిల్లల్లో, శరీర సమతుల్యతను, కదలికను నడిపే చిన్నమెదడు, ఖాళీ తొట్టెలోని తోబుట్టువుల కంటే పెద్దగా ఉంది. నీటిలో ముంచిన చెట్టు కొమ్మలు, పైన నీడ, నీటి లోపలి నుంచి అందే మేత ఉన్న తొట్టెల్లో పెరిగిన పిల్లలు తరువాత చోటు కోసం జరిగే పోటీలో మామూలు తొట్టె పిల్లలపై పైచేయి సాధించినట్టు బెరెజికియన్ బృందం గమనించింది.

ఊహించని మరో విషయం ఇనుము. సముద్రంలో దారి కనుక్కోవడానికి ఈ చేప భూమి అయస్కాంత క్షేత్రాన్ని వాడుకుంటుంది. ఇనుప గొట్టాల వంటివి ఆ క్షేత్రాన్ని చెదరగొట్టిన చోట పెరిగిన పిల్లలు, సహజ క్షేత్రంలో పెరిగినవాటిలా సరైన దిశకు తిరగలేకపోయాయని 2014లో పుట్‌మన్ తదితర పరిశోధకులు చూపించారు. కొత్త తొట్టెలు కట్టేటప్పుడు ఇనుప చువ్వల స్థానంలో ఏమి వాడాలన్నది ఇకపై ఇంజినీరు ఒక్కడి ప్రశ్న కాదు.

అయితే ఒక మాట. రాళ్ళు, కొమ్మలు వేసినంత మాత్రాన నదిలో విడిచాక ఎక్కువ చేపలు తిరిగి వచ్చాయని అన్ని ప్రయోగాలూ చెప్పలేదు. తల్లి చేపల ఎంపిక, విడుదల వయసు తప్పుగా ఉంటే తొట్టె అలంకరణ వాటిని సరిదిద్దదు.

వ్యాధుల సంగతి?

చల్లని నీటి బ్యాక్టీరియా వ్యాధి, ఐహెచ్ఎన్ వైరస్ ఇక్కడ ప్రధాన శత్రువులు. గుడ్లను అయోడిన్ ద్రావణంతో శుద్ధి చేయడం, ఒక్కో తల్లి గుడ్లను పరీక్ష ఫలితం వచ్చేదాకా విడిగా ఉంచడం, బావి నీటిని వాడటం సాధారణ పద్ధతులు. సాంద్రత తగ్గితే వ్యాధీ తగ్గుతుంది కనుక, పై ప్రశ్నకిచ్చిన జవాబు ఇక్కడా వర్తిస్తుంది.

విడుదల ఎలా జరగాలి?

లారీలో తెచ్చి వంతెన మీద నుంచి ఒక్కసారిగా కుమ్మరించడం పాత పద్ధతి. దానికంటే, తిరిగి రావాలనుకున్న ఏటి నీటితో నిండిన చెరువులో కొన్ని వారాలు ఉంచి, ఆ నీటి వాసన పట్టుబడ్డాక, అడ్డు తెర ఎత్తి, పోదలచిన పిల్లలను వాటంతట అవే పోనివ్వాలి. స్మోల్ట్ అయినవి వాటంతట అవే వెళతాయి. వారాలు గడిచినా కదలనివి సముద్రానికి సిద్ధం కానివి. వాటిని నదిలోకి తోసేయకుండా, సముద్రంతో సంబంధం లేని సరస్సులకు తరలిస్తే వేటగాళ్ళకు పనికొస్తాయి, నదికీ బెడద తప్పుతుంది. సంఖ్య పూర్తి చేయడం కోసం చివరి రోజున తెర ముందు మిగిలినవాటిని కూడా నదిలోకి నెట్టడం, రెండేళ్ళు పడిన శ్రమను ఒక్క పూటలో పాడుచేయడమే.

హేచరీ చేపకు వీపు చివర ఉండే చిన్న రెక్క కత్తిరిస్తారు ఎందుకు?

తోకకు ముందు ఎముకలేని చిన్న రెక్క ఒకటి ఉంటుంది. దాన్ని కత్తిరించిన చేప హేచరీది అని చూడగానే తెలుస్తుంది. గాలం వేసినవారు దాన్ని సాధారణంగా ఇంటికి తీసుకెళ్ళవచ్చు, రెక్క ఉన్నదాన్ని నీటిలోంచి బయటికి తీయకుండానే వదిలేయాలి. వాషింగ్టన్, ఒరెగాన్‌లలో వేటకు వెళ్ళే మనవారు ఈ ఒక్క నియమం కచ్చితంగా పాటించినా పెద్ద సాయం చేసినట్టే. ఐడహోలో మరో అడుగు వేశారు: హేచరీ తల్లిదండ్రులందరి డీఎన్ఏ నమోదు చేసి ఉంచితే, తరువాత దొరికిన చేప ఏదైనా చిన్న ముక్కతో దాని హేచరీ, వయసు తెలిసిపోతాయి.

గుడ్లు పెట్టి తిరుగుముఖం పట్టిన చేపలకు ఏమైనా చేయవచ్చా?

వాటిని కెల్ట్ అంటారు. నెలల తరబడి తిండి లేక, ఒళ్ళంతా చిక్కి, ఆనకట్టలు దాటుకుంటూ సముద్రానికి చేరేవి కొలంబియాలో చాలా తక్కువ. యాకిమా నది మీద ప్రాసర్ దగ్గర యాకమా తెగవారు ఇటువంటి ఆడ చేపలను పట్టి, తొట్టెల్లో మేతకు మళ్ళీ అలవాటు చేసి, పరాన్నజీవులకు చికిత్స చేసి, బలం వచ్చాక నదికి వదులుతున్నారు. నదిలో పుట్టిన చేప, నదిలో జతను తానే ఎన్నుకుని, నదిలోనే రెండోసారి గుడ్లు పెడుతుంది. హేచరీ తొట్టెలను సహజ చేపకు ఇంత తక్కువ హానితో ఉపయోగించే మార్గం మరొకటి నాకు కనిపించదు.

హేచరీలన్నిటినీ మూసేస్తే సరిపోతుందని కొందరు అంటారు. నిజమేనా?

కొన్ని నదులకు నిజమే. వాషింగ్టన్‌లోని విండ్ నదిలో హేచరీ స్టీల్‌హెడ్ విడుదలలు 1990ల చివర ఆపేసి, దాన్ని సహజ చేపకే కేటాయించారు. ఎల్వా నది మీది రెండు ఆనకట్టలను 2011, 2014 మధ్య తొలగించాక, ఎగువన దశాబ్దాలుగా చిక్కుపడిన రెయిన్‌బో ట్రౌట్ సంతతి నుంచి, హేచరీ సాయం లేకుండానే, వేసవి స్టీల్‌హెడ్ (వేసవిలో నదికి తిరిగివచ్చే రకం) మళ్ళీ సముద్రానికి దారి పట్టింది. ఒరెగాన్‌లోని క్లాకమస్ నది విషయంలో మాత్రం, హేచరీ వేసవి స్టీల్‌హెడ్ వల్ల సహజ చేప తగ్గిందా లేదా అన్నదానిపై పరిశోధకులే విభేదించారు.

కానీ మూసేయండి అన్న మాట తేలికగా అనదగినది కాదు. 1854, 1855 సంవత్సరాల ఒప్పందాల్లో తమ భూములను వదులుకున్న ఆదివాసీ తెగలు చేపలు పట్టే హక్కును నిలుపుకున్నాయి; 1974లో న్యాయమూర్తి బోల్ట్ ఇచ్చిన తీర్పు వాషింగ్టన్‌లో పట్టదగిన చేపల్లో సగం వారిదని తేల్చింది. చేప లేకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. ఆనకట్టలు కట్టినవారు ఒకరు, నష్టపోయినవారు మరొకరు. కాబట్టి ఏ నదిలో ఆపాలి, ఏ నదిలో మార్చుకుని కొనసాగించాలి అన్నది తెగలతో కూర్చుని నది నదికీ తేల్చుకోవలసిన విషయం.

అలాగే హేచరీ ఎంత బాగున్నా పరిష్కరించలేనివి ఉన్నాయి. హుడ్ కెనాల్ మీద తేలే వంతెన ఒకటి ఉంది. దాని పడవల్లాంటి దిమ్మెలు నీటి పైపొరలో ఈదే స్మోల్ట్‌లకు గోడలా అడ్డుపడగా, అక్కడ అవి పెద్ద సంఖ్యలో చనిపోతున్నట్టు ట్యాగులు పెట్టి గుర్తించారు. రెండేళ్ళు జాగ్రత్తగా పెంచిన పిల్లకైనా, నదిలో పుట్టిన పిల్లకైనా ఆ గోడ ఒక్కటే.

కార్యక్రమం ఫలించిందని ఎప్పుడు చెప్పగలం?

ఎన్ని పిల్లలను వదిలారన్నది పని లెక్కే తప్ప ఫలితం కాదు. ఎన్ని పెద్ద చేపలు తిరిగి వచ్చాయన్నదీ సగం ఫలితమే. తిరిగివచ్చినవాటి పిల్లలు నదిలో పుట్టి, సముద్రానికి వెళ్ళి, మళ్ళీ వచ్చి గూళ్ళు పెట్టాయా అన్నది చూడాలి. ఆ పైన విడుదలలు ఆపి, కనీసం ఒక తరం, అంటే నాలుగైదేళ్ళు, పక్కనే హేచరీ సాయం లేని నదితో పోల్చి చూడాలి. అందుకని కార్యక్రమం మొదలుపెట్టే రోజే ముగింపు తేదీ, పోలిక నది, లెక్కింపు ఖర్చు నిర్ణయించుకోవాలి. తరువాత చూద్దాంలే అనుకున్నవి చాలావరకు చూడకుండానే పోయాయి.

గోదావరి పులసకు ఈ పాఠాలు పనికొస్తాయా?

పులస కూడా సముద్రం నుంచి వరద నీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి వచ్చే చేపే, ధవళేశ్వరం దగ్గర దానికీ అడ్డుకట్ట ఉంది. అయితే చేతితో తాకితే పొలుసు రాలి, నీటిలోంచి తీసిన కాసేపటికే ప్రాణం విడిచే సున్నితమైన చేప అది. ట్రౌట్‌లాగా తొట్టెకు సులువుగా అలవాటు పడదు. గంగ మీద ఫరక్కా ఆనకట్ట దిగువన పట్టిన పులసలను ఎగువన వదిలే ప్రయత్నం కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ సిఫ్రీ చేస్తోంది. గోదావరిలో ఎప్పుడైనా హేచరీ ఆలోచన వస్తే, ముందుగా అడగవలసినవి మూడు: తల్లి చేపలు గోదావరివేనా, గుర్తుపెట్టి వదులుతారా, ఆపిన తరువాత ఎవరు లెక్కిస్తారు? అంతకంటే ముందు, వానాకాలం తొలి నెలల్లో గుడ్లతో ఎదురొచ్చే చేపను వలలో పడకుండా పోనిచ్చే ఏర్పాటు ఉండాలి. దానికి తొట్టెలు అక్కర్లేదు.